కింద పడిన పాచిక

ఆదివారం మధ్యాహ్నం మూడు గంటలకు పెరుమాళ్‌సామి గోదాము పైఅంతస్తులో యుద్ధం మొదలవుతుంది. చుట్టూ సర్జికల్ గుడ్డ చుట్టలు నడుమెత్తు వరకు పేర్చి ఉంటాయి. వాటి మధ్య ఒక గాజు బల్ల. ఒకప్పుడు దాని మీద గుడ్డ పరిచి, కింద ట్యూబ్‌లైటు వేసి, పోగు తెగిందా, ముడి పడిందా అని వెతికేవాళ్ళు. ఇప్పుడు ఆ గాజు మీద నూలు కోన్‌లు కొండలు, కత్తిరించిన గుడ్డ పీలికలు పొగ. ఆ కొండల వెనక, పొగ మాటున, పిల్లల ప్లాస్టిక్ ఇటుకలతో కట్టిన జానెడెత్తు యంత్రాలు నాలుగు ఎదురెదురుగా నిలబడి ఉంటాయి.

ఆడేవాళ్ళు పిల్లలు కారు. ఈ ఆటను తమిళనాడులోని రాజపాళయానికి తెచ్చింది జయప్రియ. బడిలో లెక్కల టీచరు. బడివాళ్ళు పారేయబోయిన ఇటుకల పెట్టెను అడిగి తెచ్చుకుంది. చోటిచ్చింది పెరుమాళ్‌సామి, నలభై అయిదేళ్ళ గుడ్డ వ్యాపారి, ఏ మాటకైనా ముందు నవ్వి తర్వాత వినే మనిషి. జయప్రియకు పెదనాన్న సంజీవి. మిల్లులో ముప్పైనాలుగేళ్ళు ఫిట్టరుగా చేసి, రిటైరై, ఒకరోజు ఇటుకల యంత్రం మోకాలు నిలవడం లేదంటే చూసి సరిచేద్దామని మేడెక్కి, మళ్ళీ దిగనివాడు. నాలుగోవాడు వినోత్, సంజీవికి వరసకు మేనల్లుడు. పక్క ఊరు సత్రపట్టిలో సర్జికల్ గుడ్డ తనిఖీ చేస్తాడు. ముప్పైనాలుగేళ్ళు, పెళ్ళి కాలేదు, మాట తక్కువ. వారంలో ఆరు రోజులు వెలుతురు మీద గుడ్డను నడిపించి తప్పులు వెతుకుతాడు. ఏడో రోజు అలాంటి బల్ల మీదే ఆడుకుంటాడు.

ఆట కష్టమేమీ కాదు. యంత్రానికి తుపాకీ ఉంటే ఒక ఎర్ర పాచిక, డాలు ఉంటే ఒక నీలం, కాళ్ళకు ఒక పచ్చది, కంటికి ఒక పసుపుది. వంతు వచ్చినప్పుడు చేతిలో ఉన్నవన్నీ ఒక్కసారి వెయ్యాలి. ఎర్రదాని మీద అయిదో ఆరో పడితే ఎదుటివాడికి దెబ్బ. దెబ్బ తగిలినవాడు తన యంత్రం నుంచి ఒక భాగం ఊడదీసి పక్కన పెట్టాలి. దాంతోపాటు దాని పాచికా పోతుంది. చివరి దాకా నిలబడ్డ యంత్రానిది గెలుపు.

మిగతావన్నీ ఇంటి రూళ్ళు. మిల్లు షిఫ్టు రిజిస్టరు ఒకదాంట్లో ఖాళీ పేజీల్లో రాసుకున్నారు. నలుగురికీ ఇంట్లో తెలుగే, కాని రాయడం రాదు. చదువుకున్నది తమిళం, రాసుకున్నదీ తమిళంలోనే. రాసేది వినోత్. అతని అక్షరాలు గుండ్రంగా, ఒక వరసలో ఉంటాయి. గుడ్డ పీలిక వెనక దాక్కున్నవాణ్ణి చూడొచ్చు, కాల్చకూడదు. కరెంటు పోతే యుద్ధం ఆగాలి. టీ వస్తే సంధి. ఎవరి యంత్రాన్ని వాళ్ళే విరుచుకోవాలి, పక్కవాడి చెయ్యి తగలకూడదు. ప్రతి రూలు పక్కనా అది చెప్పినవాళ్ళ ఇనిషియల్.

అన్నిటికంటే పైన ఉన్న రెండు రూళ్ళూ సంజీవి చెప్పినవి. మొదటిది: ఆ రోజు ఓడినవాడికే కొత్త రూలు చెప్పే హక్కు. రెండోది: రూలు తీసెయ్యమని దానివల్ల దెబ్బ తిన్నవాడే అడగాలి, లాభపడినవాడు నోరెత్తకూడదు.

"మిల్లులో చూసినాను కదా," అన్నాడు అప్పుడు. "ఎవునికి లాభమో వాడే రూలు పెడతాడు, వాడే తీస్తాడు. ఇక్కడైనా ఓడినోనికి ఒక మాట ఉండనీ."

ఆయన యంత్రం పేరు బ్లోరూమ్. మిల్లులో దూదిని మొదట మింగే గది అది. నల్లటి ఇటుకలతో పొట్టిగా, వెడల్పుగా, తలుపు తీసుకుని మీదికి వస్తున్నట్టుండేది. జయప్రియది హెడ్‌మాస్టర్. పెరుమాళ్‌సామిది ప్రతి వారం కూలిపోయేది కాబట్టి దానికి పేరు నిలవలేదు. వినోత్‌ది కొంగ, బూడిద రంగు, సన్నటి కాళ్ళు. దాన్ని కట్టడానికి అతనికి మూడు వారాలు పట్టింది.

సంజీవి కుడిచెయ్యి వణకడం మొదట చూసింది వినోత్. తమిళుల ఆడి నెలలో, జూలై చివర, గాలి గోదాము రేకులను లేపుతున్న ఒక మధ్యాహ్నం. బొటనవేలు చూపుడువేలు మీద ఏదో నలుపుతున్నట్టు కదిలింది. నలపడానికి అక్కడ ఏమీ లేదు. తప్పులు చూసే కన్ను కనుక వెంటనే పట్టుకుంది. సంజీవి ఆ చేతిని మెల్లగా చొక్కా జేబులో పెట్టుకున్నాడు, పెన్ను కోసం వెతుకుతున్నట్టు. ఆ తర్వాత ప్రతి వారం ఆ చేతికి ఏదో ఒక పని ఉండేది. జేబులో, కుర్చీ వెనక, తొడ కింద. వినోత్ ఎవరికీ చెప్పలేదు. చెప్పకపోవడం తన మంచితనం అనుకున్నాడు. చాలా రోజుల తర్వాత గాని తెలియలేదు, తను దాన్ని దాచుకున్నాడని. ఎప్పుడో పనికొస్తుందని సరుకు లోపల పెట్టుకున్నట్టు.

అది ఐప్పసి నెలలో, అక్టోబరు చివర, ఒక వాన రోజు పనికొచ్చింది.

ఆ రోజు కొంగ మొదటిసారి చివరి దాకా నిలబడింది. మిగిలింది బ్లోరూమ్ ఒక్కటే. ఇద్దరికీ చెరొక భాగం, చెరొక పాచిక. సంజీవికి అయిదో ఆరో పడితే గెలుపు ఆయనది, పడకపోతే వంతు వినోత్‌ది. సంజీవి వేశాడు. ఎర్ర పాచిక ఆయన వేళ్ళ మధ్య నుంచి వంకరగా జారి, గాజు అంచు దాటి, నేల మీద పడి, గుడ్డ చుట్టల కిందికి దొర్లింది. పెరుమాళ్‌సామి వంగి చూశాడు.

"ఒకటి! అన్నకి ఒకటి పడినాది!"

"కింద పడినది లెక్కలోకి రాదు చిన్నాయనా," అంది జయప్రియ. "తీసియ్యండి."

అప్పటివరకు కింద పడిన పాచికను తీసి మళ్ళీ వేసేవాళ్ళు. దానికి రూలు కూడా లేదు. సంజీవి మళ్ళీ వేశాడు. ఆరు.

పెరుమాళ్‌సామి బల్ల గుద్దాడు. కోన్‌లు రెండు పడిపోయాయి. వినోత్ కొంగ మెడ ఊడదీసి పక్కన పెట్టాడు. మళ్ళీ వేసినందువల్ల సంజీవికి ప్రత్యేకంగా లాభమేమీ లేదని అతనికి తెలుసు. మొదటిసారి ఒకటి పడినా, రెండోసారి ఏది పడాలన్నా అవకాశం ఒకటే. లెక్క తెలిసినవాడే. కాని లెక్క తల్లో ఉంది, కోపం ఇంకెక్కడో ఉంది.

"ఓడినోడు రూలు చెప్పల్లరా అల్లుడా," అన్నాడు సంజీవి రిజిస్టరు జరుపుతూ. ఆయన ఎడమచేత్తో జరిపాడు. కుడిచెయ్యి అప్పటికే జేబులోకి వెళ్ళింది.

ఆ ఒక్క క్షణాన్ని వినోత్ తర్వాత ఎన్నిసార్లు వెనక్కి తిప్పి చూసుకున్నాడో లెక్క లేదు. జేబు కనిపించింది. జేబులో గుడ్డ సన్నగా అదరడం కనిపించింది. లోపల ఎక్కడో చల్లగా ఒక సంతోషం లేచింది, ఎండలో వచ్చినవాడికి కుండ నీళ్ళు దొరికినట్టు. పెన్ను తీసుకున్నాడు. 'బల్ల మీది నుంచి కింద పడిన పాచిక ఆ వంతుకు చెల్లదు.' తమిళంలో ఆ వాక్యం ఆఫీసు గోడ మీద అంటించిన నోటీసులా ఉంది. ఎవరూ రాసినట్టు లేదు, ఎవరి గురించీ అన్నట్టు లేదు. ఇంట్లో మాట్లాడే మాటల్లో చెప్పాల్సి వచ్చి ఉంటే, సంజీవి మొహం చూస్తూ, 'మామా, నీ చెయ్యి నిలవదు కాబట్టి' అని నోరు తెరవాల్సి వచ్చేది. రాతలో ఆ అవసరం రాలేదు. పక్కన ఎస్.వి. అని ఇనిషియల్ వేశాడు.

జయప్రియ చదివి ఒక్కసారి తలెత్తి అతని వైపు చూసింది.

సంజీవి చదివి తల ఊపాడు. "బాగుండాది. పాపం పెరుమాళ్, వంగి వంగి వానికి నడుము పోతాంది."

మెచ్చుకున్నాడు. అదే వినోత్‌కు ముల్లులా దిగింది.

తర్వాతి ఆదివారం సంజీవివి రెండు పాచికలు కింద పడ్డాయి. "నా డైస్‌కి కాళ్ళు మొలిచినాయిరా," అని నవ్వాడు. నలుగురూ నవ్వారు. ఆ పైవారం ఎడమచేత్తో వేశాడు. ఎడమచెయ్యి వణకదు, కాని దానికి వెయ్యడం రాదు. పాచికలు గుంపుగా వెళ్ళి అంచు దూకేవి. మూడో వారం జయప్రియ ఇంటి నుంచి స్టీలు టంబ్లరు ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టింది.

"దీంట్లో వేసి ఊపి బోర్లించేది పెద్దనాయనా. అందరం అట్లే వేద్దాం."

"అందరూ అంటే ఎవురు? నువ్వు ముందు వెయ్యి చూస్తాం."

జయప్రియ వేసింది. పెరుమాళ్‌సామి వేశాడు. వినోత్ వేశాడు. సంజీవి టంబ్లరు అందుకోబోయి, దాని అంచు గాజుకు తగిలి టకటకమని శబ్దం రావడంతో చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"నాకు వద్దు. చేత్తో వేసేదే ఆట. టంబ్లర్ కాఫీకి."

"కాఫీ లేదు, టీ వస్తాండాది అన్నా," అన్నాడు పెరుమాళ్‌సామి. ఆ రోజు సంధి మామూలు కంటే ముందే వచ్చింది.

వెయ్యడం కంటే విరవడం కష్టమైంది. దెబ్బ తగిలినప్పుడల్లా ఆయన రెండు ఇటుకల మధ్య గోరు దూర్చాలి. గోరు చోటు దొరకక పక్కకు జారేది. ముప్పైనాలుగేళ్ళు నట్టు చూసి కొలత చెప్పిన వేళ్ళు. జయప్రియ చెయ్యి చాపితే, "ఎవురి మెషిన్ వాళ్ళే. రూలు ఉండాది," అని దూరం జరిపాడు. అందరూ ఎటో చూస్తూ కూర్చున్నారు. పెరుమాళ్‌సామి ఫోన్ చూశాడు. జయప్రియ కోన్ దారం చుట్టింది. వినోత్ గాజు కింది ట్యూబ్‌లైటు చూశాడు. ఇటుక ఊడినప్పుడు వచ్చే చిన్న చప్పుడు కోసం ముగ్గురూ చెవులు పెట్టి ఎదురుచూశారు.

నాలుగో వారం సంజీవి రాలేదు. తళవాయిపురంలో ఎవరింటికో వెళ్ళాడని కబురు.

మంగళవారం సాయంత్రం సత్రపట్టి బస్సు దిగిన చోట వినోత్‌కు జయప్రియ కనబడింది. ఆమెకు అతను వరసకు బావ. బడి సంచి భుజాన, చేతిలో అరటిపళ్ళు.

"పెద్దమ్మ పోరు పడలేకుండాను బావా. పొద్దున లేస్తే ఇంట్లో పెద్దనాయన టకటకటక. అన్నం తినేకి ఉండేది ఒక మంచి స్టీలు తట్ట, దానికీ సొట్టలు పెడతాండాడు అని నాతో చెప్పి ఏడుస్తాంది."

"ఏం చేస్తాడు తట్టతో?"

"డైస్ వేస్తాండాడు. ప్రాక్టీసు. తట్ట అంచు దాటకుండా వరసగా పదిసార్లు వేస్తేనే కాఫీ తాగేది. లేకుంటే మళ్ళీ మొదటి నించి." ఆమె నవ్వబోయి ఆగింది. "నిన్న పదకొండున్నరకి తాగినాడంట. పెద్దమ్మ మూడుసార్లు వేడి చేసినాదంట."

వినోత్ ఏదో అనాలి. అనడానికి ఉన్న మాట ఒకటే. అది నాలుక దాకా వచ్చి, అక్కడ కూర్చుని, చుట్టూ చూసి, మళ్ళీ లోపలికి వెళ్ళిపోయింది.

"తళవాయిపురం పోయినాడన్నారు?"

"యాడికీ పోలే. ఆ ఆదివారం తొమ్మిదిసార్లు సరిగా వేసి పదోది కింద పడినాదంట, అందుకే రాలే." ఆమె అతని మొహం చూసింది. "రూలు తీసెయ్యమని అడుగు పెద్దనాయనా అంటే, ఏంటికి అడగల్ల, రూల్లో ఏం తప్పుండాది, నా చెయ్యే కొంచెం తిమ్మిరి అంటాడు. మనకి తెలీదనుకుంటాండాడు."

షేర్ ఆటో వచ్చింది. ఆమె ఎక్కి వెళ్ళిపోయింది. వినోత్ అక్కడే నిలబడ్డాడు. తేలు కుట్టిన దొంగ అరవలేడు. అతనికి ఆ సామెత ఎప్పుడూ నవ్వు తెప్పించేది.

ఆ నాలుగు రోజులు గుడ్డ తనిఖీ చేస్తూ ఆలోచించాడు. రూలు తియ్యాలి. తను అడగడానికి లేదు, లాభపడినవాడు నోరెత్తకూడదు. సంజీవి అడగడు. అడిగితే తన చెయ్యి సంగతి తనే చెప్పుకున్నట్టవుతుంది. అయితే ఇంకో దారి ఉంది. వినోత్ పాచిక కూడా కింద పడాలి. అప్పుడు దెబ్బ తిన్నవాడు వినోతే. 'ఇదేం రూలు, తీసేద్దాం' అని విసుక్కుంటాడు. పెరుమాళ్‌సామి నవ్వుతాడు. గీత కొట్టేస్తారు. ఎవరికీ ఏమీ తెలియదు. ఆలోచన చాలా చక్కగా అమరింది, అంత చక్కగా అమరినందుకే అతనికి కొంచెం భయం వేసింది. సిగ్గు కడుక్కోవాలి, కాని ఎవరి ముందూ చొక్కా విప్పకూడదు. అతను కోరుకున్నది అదీ.

ఆ ఆదివారం సంజీవి వచ్చాడు. బ్లోరూమ్‌ను కొత్తగా కట్టుకొచ్చాడు. తుపాకీ, కాళ్ళు తప్ప ఏమీ లేవు. డాలు లేదు, కన్ను లేదు. రెండే పాచికలు.

"ఇదేంది అన్నా, గుడ్డి మెషినా?" అన్నాడు పెరుమాళ్‌సామి.

"తక్కువ ఉంటే తక్కువ పోతాది." పాచికలు రెండూ అరచేతిలో బిగించి పట్టుకున్నాడు. వేశాడు. రెండూ బల్ల మీదే ఆగాయి. ఆయన మొహంలో ఒక వెలుగు వచ్చి, ఎవరైనా చూస్తారేమోనని వెంటనే పోయింది. ఆ వెలుగు ఖరీదెంతో ఆ గదిలో జయప్రియకూ వినోత్‌కూ తెలుసు.

జయప్రియ, పెరుమాళ్‌సామి వేశాక వినోత్ వంతు వచ్చింది. కొంగకు నాలుగు పాచికలు. అతను అనుకున్నది సులువైన పని, కొంచెం గట్టిగా విసిరితే చాలు. కాని చెయ్యి లేచేసరికి, అజాగ్రత్తగా కనిపించాలి అన్న ఆలోచన చేతికంటే ముందు వెళ్ళింది. అజాగ్రత్త ఎలా ఉంటుందో అతనికి తెలియదు. పాచికలు చేతి నుంచి పడిపోవడం అతను చూసింది ఒక్క విధంగానే, నెలల తరబడి, కన్ను ఆర్పకుండా చూసింది. బొటనవేలు చూపుడువేలు మీద నలిగింది. మణికట్టు చిన్నగా అదిరింది. పాచికలు వంకరగా జారాయి. రెండు అంచు దాటి నేల మీద పడ్డాయి.

"అయ్యో, నాదీ పడినాది," అన్నాడు. గొంతు నాటకంలా వినిపించింది. "ఇదేం రూలు మామా, సుమ్మా, ఊరికే..."

మాట ముగియలేదు. సంజీవి అతని మొహం చూడడం లేదు, చేతిని చూస్తున్నాడు. గాలిలో అలాగే ఆగి ఉన్న వినోత్ చేతిని, అద్దంలో తన మొహం హఠాత్తుగా కనబడినవాడిలా చూస్తున్నాడు.

"అది యాడ నేర్చుకున్నావురా?" అన్నాడు.

పైన రేకుల మీద వాన చప్పుడు. పెరుమాళ్‌సామి నవ్వడానికి నోరు తెరిచి, దాన్ని ఏం చెయ్యాలో తెలియక అలాగే ఉంచాడు.

"బావ చెయ్యి జారినాది పెద్దనాయనా," అంది జయప్రియ గబగబా. "వానకి గాజంతా చెమ్మ. చూడు, నా వేలు కూడా జారుతాంది." వేలు గాజు మీద రాసి చూపించింది.

తప్పించుకునే తలుపు తెరిచింది ఆమె. వినోత్ ఒక్క మాట అంటే చాలు. ఔను మామా, చెమ్మే. సంజీవి నమ్ముతాడు. తనే తప్పుగా అనుకున్నాడని, ముసలితనంలో అన్నీ అనుమానాలే అని, సిగ్గుపడతాడు కూడా. ఆ చివరి ముక్క తట్టగానే వినోత్‌కు ఆ తలుపు గుండా వెళ్ళడం చేతకాలేదు. ఈయన చేత ఇంకొక సిగ్గు కూడా మోయించాలా?

"జారలే మామా. నేనే పడేసినాను."

"ఏంటికి?"

"రూలు తీసేదానికి. నాకు దెబ్బ తగిలితే నేను అడగొచ్చు అని." నేల మీది పాచికలను చూశాడు. "ఆ రూలు... నీ చెయ్యి చూసి రాసినాను మామా. ఆ పొద్దు ఓడిపోయినాను కదా, కోపం. నీ చెయ్యి నిలవదు, నీకే పడతాది అని తెలిసే రాసినాను."

చెప్పేశాక ఒక్క క్షణం అతనికి ఒళ్ళు తేలికైంది. ఆ తేలికతనం ఎంత నీచమైనదో మరుక్షణం తెలిసింది, ఎదురుగా ఉన్న మొహం చూసి. సంజీవికి కోపం రాలేదు. ఆయన మొహం లెక్క వేస్తోంది. వెనక్కి, వారం వెనక వారం.

"అప్పుడే తెలుసునా నీకు?"

"ఆడి నించి."

"ఆడి." ఆయన పెరుమాళ్‌సామి వైపు తిరిగాడు. "నీకు?"

"అన్నా, విడు, వదిలెయ్యన్నా. వయసైతే అందరికీ..."

"అడిగింది చెప్పు."

"దాని పైనెల, ఆవణిలో చూసినాను."

జయప్రియను ఆయన అడగలేదు. ఆమె తల దించుకుంది, అది చాలు.

"జోబీలో పెట్టుకునేది ఏంటికో కూడా తెలుసు మీకు."

పెరుమాళ్‌సామి ఒక కోన్‌ను చేతిలోకి తీసుకుని మళ్ళీ పెట్టేశాడు.

"ముగ్గురూ చూస్తా కూచోనుండారు," అన్నాడు సంజీవి మెల్లగా. "నేను ఒగడే దాచుకుంటా కూచోనుండాను."

వినోత్‌కు అప్పుడర్థమైంది తను ఏం తీసుకున్నాడో. పాచికలు కావు. వాటిని రూలు తీసుకుంది, అవి పోతే పోయాయి. ఈ గదిలో వారానికి మూడు గంటలు తన చెయ్యి బాగానే ఉందన్న నమ్మకం ఒకటి ఆ మనిషికి ఉండేది. దాన్ని అతను నిజం చెప్పి తీసేసుకున్నాడు. చేసినప్పుడు ఒక దెబ్బ, ఒప్పుకున్నప్పుడు ఇంకొకటి. రెండోది ఇంకా లోతుగా దిగింది.

ఏదో ఒకటి చెయ్యాలి కనుక రిజిస్టరు లాక్కుని పెన్ను తీశాడు. "కొట్టేస్తాను మామా."

"పెన్ను కింద పెట్టు."

"మామా..."

"కొట్టేసేదానికి నువ్వెవురు? దెబ్బ తిన్నోడు అడగల్ల."

"అయితే నువ్వు అడుగు. ఒక్క మాట."

"నేను అడగను." ఆయన గొంతు పెరగలేదు. "నేను అడిగితే ఏమని రాస్తావు? సంజీవికి చెయ్యి రాలే, పాపం అని తీసేసినాము, అట్లనా?"

"నాదీ పడినాది కదా," అన్నాడు వినోత్. ఆ మాట ఎంత చిన్నదో నోటి నుంచి వస్తుండగానే తెలిసింది, ఆపడం కుదరలేదు.

"నువ్వు పడేసినావు. పడేసేది వేరే, పడేది వేరే. నీకు నిజంగా పడిన పొద్దు అడుగు, తీసేద్దాం." సంజీవి జేబులోంచి కుడిచెయ్యి తీసి గాజు మీద పెట్టాడు. కింది వెలుతురులో అది స్పష్టంగా వణికింది. గాజు మీద ఉంగరం చిన్నగా కొట్టుకుంటూ ఉంది. "పాచికలు రెండు చెల్లవు నీకు. నా వంతు."

ఆయన వేశాడు. ఒకటి నిలిచింది, ఒకటి దూకింది. దూకినదాన్ని ఎవరూ తియ్యలేదు. నిలిచిన ఎర్రది అయిదు. వినోత్ కొంగ కాలు ఊడదీయడానికి వంగాడు. అందరూ అతని వేళ్ళనే చూశారు. అవి ఇటుక అంచు పట్టుకుని ఒక్క లాగుకు తీశాయి.

ఆ వారమంతా అతను ఎదురుచూసింది ఒకటే, సంజీవి మళ్ళీ వస్తాడా అని. రాకపోతే ఏం చెయ్యాలో ఆలోచించాడు. ఇంటికి వెళ్ళాలి. సంజీవి భార్య తంగమ్మాళ్ అత్త కాఫీ ఇస్తుంది, దాన్ని తాగాలి. వస్తే ఏం చెయ్యాలో ఆలోచించలేదు. రావడమే పరిష్కారం అనుకున్నాడు.

ఆదివారం మూడింటికి మెట్ల మీద అడుగులు వినిపించాయి. సంజీవి వచ్చి తన కుర్చీలో కూర్చుని, చెయ్యి బల్ల మీద పెట్టాడు. దాచలేదు. "వాన తగ్గినాది," అన్నాడు. ఎవరూ ఆ చేతిని చూడలేకపోయారు, చూడకుండానూ ఉండలేకపోయారు. పెరుమాళ్‌సామి రెండు జోకులు వేశాడు. రెండింటికీ సంజీవే నవ్వాడు. జయప్రియ కోన్‌లు సర్దింది. ఆట మొదలైంది. సంజీవి వేశాడు, ఒకటి పడింది, "చెల్లదు," అని తనే చెప్పి, నిలిచినదానితో ఆడాడు.

తర్వాత వినోత్ వంతు.

నాలుగు పాచికలూ అరచేతిలో ఉన్నాయి. ఇవి ఎప్పుడో ఒకరోజు తమంతట తామే పడాలి. అంతవరకు ఆ రూలు ఉంటుంది. పక్కన తన ఇనిషియల్‌తో, గుండ్రటి అక్షరాల్లో. అతను గట్టిగా వెయ్యకూడదు, అది పడెయ్యడం. మెల్లగా వెయ్యకూడదు, అది పడకుండా కాపాడుకోవడం. ఏమీ అనుకోకుండా వెయ్యాలి. ఏమీ అనుకోకుండా ఎలా వేసేవాడో గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించాడు. వేళ్ళ వైపు చూశాడు. గుడ్డ పోగులో సన్నటి ముడిని గోటితో పట్టే వేళ్ళు, ఆరోగ్యంగా, పొడిగా, కదలకుండా ఉన్నాయి. ముప్పైనాలుగేళ్ళలో మొదటిసారి అతనికి వాటిని ఎక్కడైనా దాచుకోవాలనిపించింది.

"వెయ్యరా అల్లుడా," అన్నాడు సంజీవి. "టీ వచ్చేస్తాది."

వినోత్ వేశాడు. నాలుగూ బల్ల నడుమ, ఒకదాని పక్కన ఒకటి ఆగాయి.